ఎవరితో పోలిస్తే సన్నం?

ఆ ఆసుపత్రి గుండె విభాగంలో ఒక మాట వేళ్ళూనుకుపోయి ఉండేది: "మనవాళ్ళ నరాలు సన్నం." గుండె చుట్టూ అల్లుకుని దానికి రక్తం అందించే నాళాలను డాక్టర్లు తమలో తాము ఏ పేరుతో పిలుచుకున్నా, రోగులతో మాట్లాడేటప్పుడు నరాలనే అంటారు. ఆ మాట అన్నాక ఇక వాదన ఉండేది కాదు. బైపాస్ కుదరదంటే నరాలు సన్నం. స్టెంటు పట్టదంటే నరాలు సన్నం. నొప్పి ఎందుకు వస్తోందో అంతుపట్టకపోతే అప్పుడూ నరాలు సన్నమే.

ఆ మాటను అక్కడ నాటింది విభాగానికి అధిపతి. ఆయన్ని అందరూ పెద్దాయన అనేవారు. వయసులో పెద్ద, పనితనంలో ఇంకా పెద్ద. ఆయన గుండె నాళంలోకి వైరు తోస్తుంటే రోగికి చీమ కుట్టినట్టు కూడా ఉండదని చెప్పుకునేవారు. వయసులో ఉన్నప్పుడు ఆయన ఆ ఊరి రోగుల గుండె నాళాల్లోకి మందు ఎక్కించి తీసిన ఫిల్ములు ముందేసుకుని, స్కేలు పెట్టి కొలిచి ఒక వ్యాసం రాశాడు. కొండలవైపు వాళ్ళ నాళాలు అందరికంటే సన్నం, తీరంవైపు వాళ్ళవి ఒక పిసరు నయం, పని వెతుక్కుంటూ బయటి దేశాల నుంచి వచ్చి ఊళ్ళో స్థిరపడినవాళ్ళవి అన్నిటికంటే లావు అని అందులో తేల్చాడు. ఆ మూడు రకాల మనుషులూ ఆ ఊళ్ళో ఒకే బస్సెక్కి, ఒకే బడికి పిల్లల్ని పంపి, ఒకరి పిల్లను ఒకరు చేసుకుని బతుకుతున్నవాళ్ళే. ఆసుపత్రిలో మాత్రం వాళ్ళ గుండెలు మూడు వరసల్లో ఉండేవి.

డాక్టరమ్మ కూడా చాలా ఏళ్ళు ఆ మాటే అన్నది. పెద్దాయన దగ్గరే పని నేర్చుకుని, ఆ విభాగంలోనే నడివయసుకు వచ్చిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళు అడిగి అడిగి వాళ్ళే విసుగెత్తి ఊరుకున్నారు. అన్నయ్య ఇంటి పై వాటాలో ఉంటూ, పొద్దున్నే కింద వదిన పెట్టిన కాఫీ తాగి ఆసుపత్రికి వెళ్ళేది.

ఒకసారి తీరంవైపు నుంచి ఒక వడ్రంగిని తీసుకొచ్చారు. పొట్టి మనిషి, బక్కపలచన. మూడు నాళాల్లోనూ అడ్డంకులున్నాయి. బైపాస్ తప్పదని డాక్టరమ్మ సర్జను దగ్గరికి పంపితే ఆయన ఫిల్ము చూసి పెదవి విరిచాడు. "ఈ దారాలకి కుట్టు పడదు" అని తిప్పి పంపాడు. ఆ సంగతి వడ్రంగి కూతురికి చెప్పే పని డాక్టరమ్మ మీద పడింది. ఆ పిల్ల బళ్ళో పంతులమ్మ.

"సన్నం అంటే ఎవరితో పోలిస్తే అండీ?" అని అడిగింది పంతులమ్మ.

"మామూలుగా ఉండేవాటితో."

"మా నాన్నలాంటి మనిషికి మామూలుగా ఎంతుంటాయండీ?"

ఆ పిల్ల వెటకారానికి అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. డాక్టరమ్మ చూసి చెబుతానని లేచి వచ్చేసింది. పుస్తకాలు తిరగేసింది. అందులో ఉన్న అంకెలన్నీ ఎక్కడో ఆరడుగుల మగవాళ్ళను కొలిచి రాసినవి. పెద్దాయన వ్యాసం తీసింది. అందులో కొండలవాళ్ళు, తీరంవాళ్ళు, బయటివాళ్ళు అని ఉంది తప్ప ఎవరి ఎత్తు ఎంతో, ఎవరి బరువు ఎంతో ఎక్కడా లేదు. వడ్రంగి మందులు పుచ్చుకుని ఇంటికి వెళ్ళాడు. కొన్నాళ్ళకే పోయాడు. పంతులమ్మ అడిగినదానికి జవాబు ఇవ్వవలసిన అవసరం తీరిపోయింది. అయినా డాక్టరమ్మ ఆ ప్రశ్నను వదల్లేదు.

పెద్దాయన గదికి వెళ్ళి మళ్ళీ కొలుస్తానని అడిగింది.

"ఏం, నా కొలతల మీద నమ్మకం పోయిందా?"

"అది కాదు సార్. అప్పటి మిషన్లు వేరు, ఇప్పటివి వేరు. మళ్ళీ కొలిస్తే మీరు చెప్పిందే నిజమని తేలొచ్చు."

"తేలితే?"

"మీ పేరు ఇంకోసారి అచ్చవుతుంది."

పెద్దాయన నవ్వాడు. "కొలుచుకో. కొలిస్తే అరిగిపోతాయా ఏమన్నా."

తోడుగా మరో డాక్టరు కలిశాడు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ నిటారుగా ఉంటాడని నర్సులు ఆయనకు కొలబద్ద అని పేరు పెట్టారు. ఆ పేరు తనకు తెలుసని ఆయన ఎన్నడూ బయటపడలేదు. 'సుమారుగా' అనే మాట ఆయన నోట ఎవరూ వినలేదు. ఆయన పెట్టిన షరతులు రెండు. ఒకే నాళాన్ని ఇద్దరూ విడివిడిగా, ఒకరి అంకె ఒకరు చూడకుండా కొలవాలి. కొలిచేటప్పుడు ఆ మనిషి ఎవరో, ఏ వైపువాడో, ఆడో మగో తెలియకూడదు.

ఫిల్ములు చూసే గది ఆసుపత్రి వెనకభాగంలో ఉండేది. కిటికీకి నల్లగుడ్డ, ఒక బల్ల, రెండు తెరలు, ఒక చక్రం విరిగి పక్కకు ఒరిగిపోయే కుర్చీ. మధ్యాహ్నం ఓపీ అయ్యాక ఇద్దరూ అక్కడ చేరేవారు. పేర్ల మీద కాగితం అంటించి ఫిల్ము నడిపేవారు. మందు ఎక్కగానే నాళాలు తెర మీద నల్లగా, ఆకు రాలిన కొమ్మల్లా విచ్చుకునేవి. గుండె కొట్టుకుని, మళ్ళీ కొట్టుకునే ముందు పూర్తిగా వదులయ్యే క్షణం ఒకటి ఉంటుంది. సరిగ్గా అక్కడ ఆపాలి. ఫిల్ములో కనపడే, మందు ఎక్కించే గొట్టం మందం రెండు మిల్లీమీటర్లని ముందే తెలుసు కాబట్టి దాన్ని ఆనవాలుగా పెట్టుకుని నాళం ఈ అంచు నుంచి ఆ అంచుకు ఎంతుందో లెక్క కట్టాలి. మూడు మిల్లీమీటర్లా, మూడున్నరా, నాలుగా? వెంట్రుకవాసి తేడాల మీదే అంతా నడిచేది. ఆ వెంట్రుకవాసి దగ్గరే కొలబద్ద ఒక పట్టాన రాజీ పడేవాడు కాదు.

కొలవవలసింది రోగుల్ని కాదు, బాగున్నవాళ్ళని. బాగున్నవాళ్ళు ఊరికే వచ్చి గుండెలోకి గొట్టం వేయించుకోరు. అందుకని ఛాతీలో నొప్పి అని భయపడి వచ్చి, పరీక్షలో ఏమీ లేదని తేలినవాళ్ళను తీసుకున్నారు. 'నార్మల్' అనే మాట వినగానే వాళ్ళ మొహాలు వెలిగిపోయేవి. ఆ వెలుగులో డాక్టరమ్మ టేపూ, బరువు తూచే మిషనూ పట్టుకుని వార్డులోకి వెళ్ళి కొలత తీసుకోవడానికి ఒప్పుకుంటారా అని అడిగేది.

"నార్మల్ అన్నారుగా, మళ్ళీ కొలతలెందుకండీ? కొత్త బట్టలు కుట్టిస్తారా?" అన్నాడు ఒక బస్సు డ్రైవరు. కొండలవైపు మనిషి, గుబురు మీసాలవాడు. వార్డులో ఉన్నవాళ్ళందరికీ టీ తెప్పించి, తన గుండె ఇంజను కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉందని డాక్టర్లు చెప్పారని చాటింపు వేశాడు. ఆ మాట ఎవరూ అనలేదు. అయినా ఆ సంతోషం చూసి కాదనబుద్ధి కాలేదు.

పని ఏడాది పైనే పట్టింది. లెక్కలు మొదటిసారి కూడినప్పుడు పెద్దాయన వ్యాసం అచ్చుగుద్దినట్టు మళ్ళీ వచ్చింది. బయటివాళ్ళవి లావు, తీరంవాళ్ళవి తక్కువ, కొండలవాళ్ళవి ఇంకా తక్కువ. తర్వాత కొలబద్ద ప్రతి మనిషి నాళాన్నీ ఆ మనిషి శరీరం సైజుతో కలిపి, ఏ ఒంటికి ఎంత నాళం ఉండాలో చెప్పే గీత గీసి చూశాడు. బయటివాళ్ళ నాళాలు లావుగా ఉన్నది వాళ్ళు పెద్ద మనుషులు కాబట్టి. తీరంవాళ్ళవి సన్నంగా ఉన్నది వాళ్ళు చిన్న మనుషులు కాబట్టి. చిన్న ఇంటికి చిన్న గొట్టాలు, పెద్ద ఇంటికి పెద్ద గొట్టాలు, అంతే. ఒంటి సైజును బట్టి చూస్తే ఇద్దరూ ఒకే గీత మీదికి వచ్చేశారు. అంటే ఆ వడ్రంగి నాళాల్లో, అడ్డంకులు లేని చోట్ల, అతని ఒంటికి ఉండవలసినంత వెడల్పు ఉంది.

కొండలవాళ్ళు మాత్రం గీతకు రాలేదు. వాళ్ళు మరీ చిన్న మనుషులేమీ కాదు. ఎత్తూ బరువూ లెక్కలోకి తీసుకున్నా వాళ్ళ నాళాలు గీతకు కిందనే ఉండిపోయాయి.

"చూశావా! నేను మొదట్నించీ మొత్తుకుంటున్నది అదే" అన్నాడు పెద్దాయన. "ఆ వైపు వాళ్ళ పుట్టుకే అంత."

అంకెలు ఆయన పక్షాన ఉన్నాయి. డాక్టరమ్మ ఒప్పుకుంది. వ్యాసం రాయడం మొదలుపెట్టింది.

అప్పుడే వదినకు ఛాతీలో పట్టేసినట్టు ఉండడం మొదలైంది. వదిన కొండలవైపు మనిషి. అన్నయ్య కంటే ఒక బెత్తెడు ఎత్తు, దానికి తగ్గ కట్టు. ఆడపిల్లల కాలేజీలో వాలీబాల్ నేర్పేది. మెడలో విజిలు, నోట్లో కేకలు. ఆవిడ కేకేస్తే పక్క వీధిలో సైకిళ్ళు ఆగుతాయని అన్నయ్య అనేవాడు. అన్నయ్యకు కళ్ళజోళ్ళ షాపు. ఆయన గట్టిగా మాట్లాడినట్టు ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. ఇద్దరికీ కలిపి కావలసినంత గొంతు వదినకే ఉండేది.

"మెట్లెక్కితే ఇక్కడెవరో కూర్చున్నట్టుంది, అమ్మాయ్" అని ఒక పొద్దున్న కాఫీ ఇస్తూ ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపించింది వదిన. "ఆగితే లేచి పోతాడు. మర్యాద తెలిసినవాడే."

డాక్టరమ్మకు నవ్వు రాలేదు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. సొంత మనిషికి తను చేయకూడదని పెద్దాయన్ని అడిగితే ఆయనే ఆంజియో చేశాడు. అయ్యాక బయటికి వచ్చి అన్నయ్య భుజం తట్టాడు.

"నున్నగా ఉన్నాయి. ఎక్కడా అడ్డంకి లేదు. కాస్త సన్నం, అంతే. ఆ వైపు వాళ్ళందరికీ అంతేగా."

అన్నయ్య ఆయన చేతులు పట్టుకుని వదల్లేదు. డాక్టరమ్మ కూడా ఊపిరి పీల్చుకుంది. వదిన మంచం మీద నుంచే, "నన్నూ మీ కొలతల్లో కలిపేసుకో. ఎలాగూ పొడిచారు, దండగ కాకుండా ఉంటుంది" అంది. కొండలవైపు ఆడవాళ్ళు లెక్కలో తక్కువ పడ్డారు కాబట్టి డాక్టరమ్మ ఆవిడ సంతకం తీసుకుని ఫిల్మును కూడా మిగతావాటిలో కలిపింది.

వదిన మళ్ళీ కాలేజీకి వెళ్ళింది. నొప్పి మాత్రం తగ్గలేదు. గ్యాసేమో అన్నారు, నడివయసేమో అన్నారు. "నా నరాలు బాగున్నాయని నా నరాలకే తెలియట్లేదు" అనేది వదిన.

కొన్ని వారాలు గడిచాక ఆఖరి విడత ఫిల్ములు కొలిచి, కాగితాలు ఊడదీసి పేర్లు చూసే రోజు వచ్చింది. కొలబద్ద ఒక్కో మనిషినీ తెర మీద చుక్కగా పెడుతున్నాడు. ఒక చుక్క గీతకు చాలా దిగువన, ఒంటరిగా పడింది.

"ఇదెక్కడో తప్పు పడింది" అన్నాడు ఆయన. "ఇంత మనిషికి ఈ నాళమేమిటి? ఈ కొలత తీరంవైపు ఒక చిన్న ఆవిడకి సరిపోతుంది. మీరూ ఇదే రాశారా?"

ఇద్దరి అంకెలూ దాదాపు ఒకటే. మళ్ళీ కొలిచారు. మళ్ళీ అదే. డాక్టరమ్మ పేరు చూసింది. చూసి, చక్రం విరిగిన కుర్చీలో కూర్చుండిపోయింది.

"తప్పు కొలతలో లేదు" అంది. "ఈ మనిషి మా వదిన. ఇల్లు ఊడ్చినా రొప్పుతోంది. ఈ ఫిల్మును నార్మల్ అని మనమే కలిపాం."

కొలబద్దకు విషయం అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఫిల్ములో కనపడేది నాళం కాదు, నాళం లోపల పారే రక్తం. ఒకచోట పూడిక పడితే అక్కడ నొక్కుకుపోయినట్టు కనపడుతుంది, ఎవరికైనా తెలిసిపోతుంది. ఆ పూడిక ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకే మందంలో పట్టేస్తే? నొక్కూ ఉండదు, వంకరా ఉండదు. నున్నగా, అందంగా, పుట్టుకతోనే సన్నగా ఉన్నట్టు కనపడుతుంది.

"అయితే గీత కింద ఉన్న కొండలవాళ్ళలో..." అని కొలబద్ద సగంలో ఆపేశాడు. ఆయన మాటను సగంలో ఆపడం డాక్టరమ్మ చూడటం అదే మొదలు.

సంగతి తేలాలంటే నాళం లోపలికి సన్నని అల్ట్రాసౌండ్ తీగను పంపి గోడను చూడాలి. డాక్టరమ్మ పెద్దాయన దగ్గరికి వెళ్ళింది.

"అడ్డంకి లేని నాళంలోకి తీగ తోస్తావా?" అన్నాడాయన.

"అడ్డంకి ఉందో లేదో చూడ్డానికే సార్."

"చూడ్డానికి వెళ్ళి చీరేస్తే?"

"ఆ భయం నాకూ ఉంది."

"మీ వదిన కాబట్టి అడుగుతున్నావు."

"అవును సార్. వదిన కాకపోతే ఆ చుక్కను చూసి, కొలత తప్పిందని కొట్టేసేదాన్ని."

పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆ వైపు వాళ్ళకి అంతే అని ఎన్నేళ్ళుగా చెబుతున్నానో తెలుసా?"

"మీరు కొలిచినవాళ్ళు ఎంతెంత ఎత్తున్నారు సార్?"

"అప్పట్లో ఎవరు చూశారమ్మా అవన్నీ."

అది కోపంగా అనలేదు. రోగి ఒప్పుకుంటే తనే చేస్తానని చెప్పాడు.

ఇంట్లో అన్నయ్య ఒప్పుకోలేదు. ఆయన ఎదురు మాట్లాడటం ఇంట్లో వాళ్ళకు అదే మొదటిసారి. "పెద్దాయనే బాగుందన్నాక మళ్ళీ కెలకడమెందుకే? నీ లెక్కలు కుదరకపోతే దాని గుండెలో వెతుకుతావా?"

అన్నయ్య అన్నది నిజమే. లెక్క కుదరలేదనే కదా ఇదంతా మొదలైంది.

వదిన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. "ఏమండీ, ఆ కూర్చునేవాడు మీ ఛాతీ మీద కూర్చోవట్లేదు. నా మీద కూర్చుంటున్నాడు. ఎవడో ఏమిటో నాకు చూడాలనుంది." ఆడపడుచు వైపు తిరిగింది. "చచ్చిపోతానా అమ్మాయ్?"

"వందమందిలో ఒకళ్ళకి ఇబ్బంది రావచ్చు వదినా. రాదని చెప్పలేను."

"నిజం చెప్పావు, చాలు. పద."

తీగను పెద్దాయనే తోశాడు. డాక్టరమ్మ అద్దం ఇవతల నిలబడింది. తెర మీద నాళం అడ్డకోతగా, గుండ్రంగా కనపడింది. మధ్యలో నల్లటి దారి, రక్తం పారేది. దాని చుట్టూ బూడిదరంగులో దళసరి వలయం. తీగను వెనక్కి లాగుతున్నకొద్దీ ఆ వలయం ఎక్కడా పలచబడలేదు. ఏటా పాత పొర గీకకుండా సున్నం మీద సున్నం వేసుకుంటూ పోయిన గోడలా ఉంది. పెద్దాయన వలయం బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలవమన్నాడు. నాలుగు మిల్లీమీటర్ల పైనే వచ్చింది. అంత మనిషికి ఉండవలసినంత నాళమే. పుట్టుకలో ఏ లోటూ లేదు. లోపలి దారే మూసుకుపోతూ వచ్చింది.

పెద్దాయన తీగ బయటికి తీసి, చేతి తొడుగులు విప్పి, "రాసుకోండి" అన్నాడు. ఏం రాసుకోవాలో చెప్పలేదు.

అంత పొడవునా పట్టిన పూడికకు స్టెంటు వేసి ప్రయోజనం లేదు. మందులు మొదలుపెట్టారు. ఎగరడం, పరిగెత్తడం మానమన్నారు. వదిన భయపడలేదు, ఏడవలేదు. ఆవిడకు కోపం వచ్చింది. ఆ కోపం జబ్బు మీద కాదు.

"ఆ వైపు వాళ్ళకి అంతే అన్నాడు చూడు, ఆ మాట" అంది ఇంటికి వచ్చాక. "నీ వదినని కాబట్టి నన్ను రెండోసారి చూశారు. ఆ మాట విని ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళు ఎంతమంది? నువ్వు ఎంతమందికి చెప్పావు?"

"చాలామందికే చెప్పాను వదినా."

"వెళ్ళి పిలు వాళ్ళని."

డాక్టరమ్మ పిలిచింది. అప్పటికే సగం రాసిన వ్యాసాన్ని పక్కన పెట్టి, గీతకు దిగువన పడినవాళ్ళందరికీ ఫోన్లు చేసింది. వాళ్ళలో ఎక్కువమంది కొండలవాళ్ళే. ఎందుకన్నది కూడా మాట్లాడుతుంటే తెలిసింది. తీరంవాళ్ళకూ బయటివాళ్ళకూ ఆసుపత్రి ఒక్క బస్సు దూరంలోనే ఉంది. నొప్పి వచ్చిన వారానికే వచ్చేస్తారు. కొండలవాళ్ళలో చాలామంది ఇంకా కొండల మీదే ఉంటారు; ఘాట్ రోడ్డు దిగి, పని మానుకుని, పిల్లల్ని ఎవరికో ఒప్పజెప్పి రావాలి. నెలల తరబడి ఓర్చుకుని, ఇక ఓర్చుకోలేనప్పుడు వస్తారు. అలా వచ్చినవాళ్ళలో నున్నగా కనపడ్డ నాళాలన్నీ నిజంగా బాగున్నవి కావు. పెద్దాయన కొలిచిన కాలంలోనూ అలాగే వచ్చి ఉంటారు.

నార్మల్ అని చెప్పి పంపిన మనిషిని మళ్ళీ రమ్మనడం తేలిక పని కాదు. కొందరు ఫోను పెట్టేశారు. ఒకావిడ, నిన్న మొన్నటిదాకా హాయిగా ఉన్నాను, నీ ఫోను వచ్చాకే నొప్పి మొదలైందని తిట్టింది. మీసాల డ్రైవరు అందరికంటే గట్టిగా అరిచాడు.

"బాగుందని మీరు చెప్పబట్టేగా నేను మళ్ళీ స్టీరింగు పట్టుకున్నాను! ఇప్పుడు బాగుందో లేదో తెలియదంటే మా డిపోలో నన్ను బండెక్కనిస్తారా?"

ఎక్కనివ్వలేదు. సంగతి ఎలాగో డిపోకు తెలిసి, స్కాను కాగితం తెచ్చేదాకా డ్యూటీ ఆపేశారు. డ్రైవరు మొహం మాడ్చుకుని వచ్చి సీటీ స్కాను మిషనులో పడుకున్నాడు. గోడ మందం తెలిసేలా తీసే స్కాను అది. రిపోర్టు వచ్చింది. పూడిక అన్నది మచ్చుకు కూడా లేదు. ఆయనవి నిజంగానే సన్నని నాళాలు, నిజంగానే ఆరోగ్యంగా ఉన్న నాళాలు. ఎక్కడో ఒకరిద్దరికి అలా ఉంటుంది.

"అంటే ఏమిటి, రెండోసారి కూడా నార్మలేనా?" అన్నాడు.

"అవునండీ. మిమ్మల్ని అనవసరంగా కంగారు పెట్టాను."

"ఈసారి టీ నేను తెప్పించను. మీరు తెప్పించండి" అన్నాడు డ్రైవరు. డాక్టరమ్మ తెప్పించింది. ఆయన తాగి, కప్పు బల్ల మీద పెట్టి, వీడ్కోలు చెప్పకుండా వెళ్ళిపోయాడు.

పిలిస్తే వచ్చినవాళ్ళలో సగానికి పైగా పూడిక కనపడింది. వాళ్ళకు మందులు మొదలుపెట్టి, వాళ్ళ పేర్లు బాగున్నవాళ్ళ లెక్కలోంచి తీసేశారు. తీసేశాక కొలబద్ద మళ్ళీ చుక్కలు పెట్టాడు. కొండలవాళ్ళు కూడా గీత మీదికి వచ్చారు. డ్రైవరు చుక్క ఒక్కటి అందరికంటే కింద, ఉండవలసిన చోటే ఉండిపోయింది.

వ్యాసం పంపే ముందు పెద్దాయన డాక్టరమ్మను పిలిపించాడు. తన పాత వ్యాసం తప్పని ఆయన అనలేదు, ఆ తర్వాత కూడా ఎన్నడూ అనలేదు. "నా పేరు కూడా వేస్తావా?" అని మాత్రం అడిగాడు.

కొలబద్ద ఇష్టపడలేదు. "తీగ తోసినందుకా? వద్దన్నది కూడా ఆయనే కదా."

"తోయకపోతే మనకేమీ తెలిసేది కాదు" అంది డాక్టరమ్మ. మూడో పేరుగా వేసింది. పెద్దాయన అచ్చు కాపీని తన గదిలో బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు. పదవీ విరమణ రోజు దాన్ని అక్కడే వదిలి వెళ్ళాడు.

వ్యాసం వచ్చాక ఏదో మారిపోతుందని డాక్టరమ్మ అనుకుంది. కొంత మారింది. సర్జను ఇప్పుడు ఫిల్ము చూసే ముందు రోగి ఎత్తూ బరువూ అడుగుతున్నాడు. ఇదివరకు తిప్పి పంపేసే చిన్న మనుషుల్లో కొందరికి కుట్లు వేసి చూస్తున్నాడు, చాలావరకు నిలుస్తున్నాయి. వేరే ఊళ్ళలో ఎవరెవరో ఆ వ్యాసంలోంచి ఒంటి సైజూ పూడికా చూడని మొదటి పట్టిక ఒక్కటే ఎత్తుకుని, కొండలవాళ్ళ నాళాలు సన్నమని మళ్ళీ రాశారు. రెండో పట్టికదాకా వాళ్ళు చదవలేదు. కొలబద్ద ఒక్కొక్కరికీ ఉత్తరం రాయబోతే డాక్టరమ్మ నవ్వి ఊరుకోమంది. ఆయన ఊరుకోలేదు.

వదిన మందులు వేళకు వేసుకుంటోంది. ఆట నేర్పడం మానలేదు. కోర్టు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని కేకలేస్తోంది. ఛాతీ మీద కూర్చునేవాడు ఇప్పుడు ఎప్పుడో కాని రావడం లేదట. ఆవిడ ఆడపడుచుతో మునుపటిలాగే ఉంది కాని, పెద్దాయన పదవీ విరమణ సభకు పిలుపు వస్తే వెళ్ళలేదు. అన్నయ్య ఒక్కడే వెళ్ళి, దండ వేసి వచ్చాడు.

ఈ మధ్య ఒక ఆదివారం వదిన తమ్ముడు కొండల నుంచి దిగాడు. లారీ మెకానిక్. అక్క పోలికే, అంతే ఎత్తు. వస్తూనే మంచినీళ్ళు అడిగాడు, అక్క మాత్రం ముందు అతన్ని మెట్ల మీదుగా పై వాటాకు తీసుకొచ్చింది.

"వీణ్ణి కొలువు" అంది.

"వదినా, నొప్పి లేనివాళ్ళని మేం అలా కొలవం."

"నొప్పొచ్చాకే కొలుస్తారా?"

"నాకేమీ లేదక్కా, బాగానే ఉన్నాను" అన్నాడు తమ్ముడు.

"నేనూ అదే అన్నాను" అంది వదిన.

గుండెలోకి గొట్టం వేయనక్కరలేదు, రక్తంలో కొవ్వు చూస్తే చాలని చెప్పి డాక్టరమ్మ పరీక్ష రాసిచ్చింది. రెండు రోజులకు రిపోర్టు వచ్చింది. కొవ్వు ఉండవలసినదానికి రెట్టింపు ఉంది. అక్కకూ అంతే ఉండేది. వాళ్ళ అమ్మ ఎలా పోయిందని అడిగితే, చెలిమ దగ్గర నీళ్ళు తోడుతూ ఒక్కసారిగా కూలిపోయిందన్నారు. ఆవిడను ఎవరూ ఏ ఆసుపత్రికీ తీసుకెళ్ళలేదు. తమ్ముడికి మాత్రలు రాసింది. అవి జీవితాంతం వేసుకోవాలంటే అతను మొహం చిట్లించాడు.

"ఇంకా ఎంతమంది ఉన్నారు మీ ఇంట్లో?" అని అడిగింది డాక్టరమ్మ.

వదిన వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇద్దరు అక్కలు, వాళ్ళ పిల్లలు, పిన్ని కొడుకులు. ఒక చేతి వేళ్ళు చాలలేదు. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, అందరినీ ఎప్పుడెప్పుడు రమ్మనాలో, ఘాట్ రోడ్డు బస్సు ఎన్ని గంటలకు దిగుతుందో అడగడం మొదలుపెట్టింది.